ఐదు గళ్ళ పట్టిక

‘ఐ, మీ, మై, మైన్, మైసెల్ఫ్.’ మన స్కూల్ బ్యాచ్‌లో ఎవరిని నిద్రలేపి అడిగినా ఈ వరస ఎక్కాల్లా అప్పజెబుతారు. ఇంగ్లీషు సర్వనామాల పట్టిక అది. నల్లబల్ల మీద అడ్డంగా ఐదు గళ్ళు, నిలువుగా ఏడు వరసలు: ఐ, వుయ్, యు, హి, షి, ఇట్, దే. ‘యు’ వరస చివరి గడిలో రెండు రూపాలు పట్టాలి: ఒక్కరికైతే యువర్‌సెల్ఫ్, పదిమందికైతే యువర్‌సెల్వ్స్. ‘ఇట్’ వరసలో నాలుగో గడి దాదాపు ఖాళీయే.

పట్టిక నోటికొచ్చినా, ఏ గడిలోది ఎక్కడ వాడాలనే దగ్గర చాలామందిమి ఇప్పటికీ తడబడతాం. నన్నడిగితే దానికి కారణం ఇంగ్లీషు రాకపోవడం కాదు, తెలుగు బాగా రావడం.

చిక్కు పేర్ల దగ్గరే మొదలవుతుంది. ఇంగ్లీషు థర్డ్ పర్సన్‌ని మన వ్యాకరణం ప్రథమ పురుష అంటుంది. ప్రథమ అంటే ఫస్టే కదా అనుకున్నామా, పట్టికంతా తలకిందులు. నేను, మేము, మనం ఉత్తమ పురుష. అదీ వాళ్ళ ఫస్ట్ పర్సన్.

తర్వాతది మర్యాద. ‘నాన్నగారు వచ్చారు’ అని అలవాటైన నోటికి ‘హి’ అనడం ఏకవచనంలో పిలిచినట్టుంటుంది. అందుకే ‘మై ఫాదర్ ఈజ్ ఇన్ గుంటూర్, దే ఆర్ కమింగ్ టుమారో’ అనేస్తాం. విన్నవాళ్ళు నాన్నగారితో ఇంకెవరో వస్తున్నారనుకుని రెండు కంచాలు పెడతారు. గౌరవం కోసం బహువచనం వాడే పద్ధతి ‘హి’, ‘షి’లకు లేదు. రాష్ట్రపతి గురించి మాట్లాడినా అవే. ‘యు’ కథ వేరు. ఒకప్పుడు ‘దౌ’ అంటే నువ్వు, ‘యు’ అంటే మీరు. రోజువారీ వాడుకలో నువ్వు పోయి అందరికీ మీరే మిగిలింది. ఒక్క మనిషిని కూడా ‘యు ఆర్’ అనడం ఆ మీరు తాలూకు ఆనవాలే. ఆడో మగో తెలియని ఒక్కరి గురించి ‘సంవన్ లెఫ్ట్ దేర్ అంబ్రెల్లా’ అనడం మాత్రం తప్పు కాదు.

కొన్నిచోట్ల ఇంగ్లీషే మనకంటే పేద. మనకు మనం, మేము వేరువేరు. వాళ్ళకు రెంటికీ ‘వుయ్’ ఒక్కటే. ‘వుయ్ ఆర్ గోయింగ్ టు ద మూవీ’ అంటే ఎదుటివాణ్ణి రమ్మన్నట్టా, మేం పోతున్నామని చెప్పినట్టా? కలుపుకోవాలంటే ‘లెట్స్ గో’ అనాలి. దాన్నే విడదీసి ‘లెట్ అస్ గో’ అంటే ‘మమ్మల్ని వదిలిపెట్టండి’ అని కూడా అర్థం రావచ్చు. ‘తన’ విషయంలోనూ అంతే. ‘తన స్కూటర్ పోయిందని రవి సురేష్‌తో చెప్పాడు’ అంటే పోయింది రవిదే. ‘వాడి స్కూటర్’ అంటే ఇంకొకడిది. ‘రవి టోల్డ్ సురేష్ దట్ హిజ్ స్కూటర్ వజ్ స్టోలెన్’ అంటే స్కూటర్ ఎవరిదో దేవుడికే తెలియాలి. ఇలాంటప్పుడు సర్వనామాన్ని వదిలేసి పేరే మళ్ళీ రాయడం మేలు.

ఐదో గడికి వద్దాం. ‘మైసెల్ఫ్ ఫలానా’ అని పరిచయం చేసుకోవడం తప్పు. ‘ఐ యామ్ ఫలానా’ చాలు. పని చేసినవాడూ దాని ఫలితం తగిలినవాడూ ఒకరే అయినప్పుడు సెల్ఫ్ వస్తుంది: ‘ఐ కట్ మైసెల్ఫ్.’ కాదంటే ‘ఐ డిడ్ ఇట్ మైసెల్ఫ్’ అని నొక్కి చెప్పడానికి. రెండిట్లోనూ వాక్యంలో ముందు ‘ఐ’ ఉంది చూడండి. ‘కాల్ సురేష్ ఆర్ మైసెల్ఫ్’లో అది లేదు కాబట్టి ‘మీ’ అనాలి. దీనికి తిరగబడ్డది ‘ఎంజాయ్’. ‘వుయ్ ఎంజాయ్డ్ ఎ లాట్’ అని ఆపేస్తాం. దేన్ని ఎంజాయ్ చేశామో చెప్పాలి, లేదా ‘అవర్‌సెల్వ్స్’ చేర్చాలి.

‘తాళం తెచ్చావా?’ అంటే ‘తెచ్చాను’ అన్న ఒక్క ముక్కలో మనకు నేనూ ఉంది, తాళమూ ఉంది. ఆ ధీమాతోనే ‘ఐ బ్రాట్’ అని వదిలేస్తాం. ఇంగ్లీషులో ‘ఇట్’ తప్పనిసరి. వాన పడేటప్పుడు కూడా ‘ఇట్ ఈజ్ రెయినింగ్’ అని అర్థం లేని ఒక ‘ఇట్’ని ముందు కూర్చోబెడతారు. సరిగ్గా అక్కర్లేని చోట మాత్రం మనమే తగిలిస్తాం: ‘ద బుక్ విచ్ ఐ బాట్ ఇట్.’ ‘నేను కొన్న పుస్తకం’ అన్నప్పుడు తెలుగులో ‘విచ్’ లాంటి మాటే ఉండదు, అందుకే అది ఏం పని చేస్తోందో తట్టదు. వాక్యాన్ని విడదీస్తే తెలుస్తుంది: ‘ఐ బాట్ ఇట్.’ ఇందులోని ‘ఇట్’ ‘విచ్’గా మారి ముందుకెళ్ళింది. దాని సీటు ఖాళీగానే ఉండాలి.

‘హూ’, ‘హూమ్’ తేలకపోతే జవాబు చెప్పి చూడండి. ‘హి’ వస్తే హూ, ‘హిమ్’ వస్తే హూమ్. హిమ్, హూమ్ రెంటికీ చివర ‘ఎమ్’ ఉంటుంది, గుర్తుకు అదే. ‘రవి అండ్ ఐ’నా, ‘రవి అండ్ మీ’నా అన్నదానికి రవిని కాసేపు పక్కన పెట్టాలి. ‘హి కాల్డ్ ఐ’ అని ఎవరూ అనరు కాబట్టి ‘హి కాల్డ్ రవి అండ్ మీ.’ ‘బిట్వీన్’ తర్వాత కూడా ‘యు అండ్ మీ’యే. ఇక్కడ ‘ఐ’ అనేవాళ్ళు ఎక్కువగా బాగా చదువుకున్నవాళ్ళే. చిన్నప్పుడు ‘మీ అండ్ రవి వెంట్’ అన్నందుకు తిన్న చీవాట్లు అంత గట్టిగా పనిచేస్తాయి.

నా, నాది తేడా తెలిసినవాళ్ళకు మై, మైన్ చెప్పక్కర్లేదు. నాలుగో గడిలో ప్రమాదమంతా నెత్తిమీది కామాతోనే, అంటే అపాస్ట్రఫీతోనే. యువర్స్, హర్స్, అవర్స్, దేర్స్, వీటిలో దేనికీ అది ఉండదు. ‘ఇట్స్’కి పెట్టే ముందు ‘ఇట్ ఈజ్’ అనో ‘ఇట్ హ్యాజ్’ అనో విడదీసి చదవాలి. అతికితేనే కామా. మన సెలవు చీటీలు ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే తీసి చూడండి. జ్వరం, అక్క పెళ్ళి, అన్నీ సరిగ్గానే ఉంటాయి. చివర ‘యువర్స్ ఒబీడియెంట్లీ’లో ఆర్‌కీ ఎస్‌కీ మధ్య ఆ కామా, దాని చుట్టూ ఎర్ర సున్నా.