జీమన్ బిల్డింగ్‌లో గాలికుంటు

ఇంగ్లండ్‌లోని వార్విక్ యూనివర్సిటీలో చదివిన తెలుగువాళ్ళ ఈ సంచికకి రాసేవాళ్ళలో ఎక్కువమంది డబ్ల్యూఎంజీ (వార్విక్ మాన్యుఫ్యాక్చరింగ్ గ్రూప్, అక్కడి ఇంజనీరింగ్ విభాగం) వాళ్ళే ఉంటారని నాకు ముందే తెలుసు. వార్విక్‌లో కొత్తగా తెలుగువాళ్ళు కనబడితే "మీదీ డబ్ల్యూఎంజీయేనా?" అనే కదా మొదటి ప్రశ్న. కాదండీ, మ్యాథ్స్ వాళ్ళ జీమన్ బిల్డింగ్‌లో కాంప్లెక్సిటీ సైన్స్ అంటే, "అంటే కంప్యూటర్సా?" అనేవాళ్ళు. లెమింగ్టన్ బస్సు వచ్చేస్తుంటే ఏం వివరిస్తాం, అవుననేసి ఎక్కేసేవాణ్ణి. ఇక్కడ బస్సు తొందరేం లేదు కాబట్టి చెప్తాను.

ఇంజనీరింగ్, సైన్సు పరిశోధనలకి నిధులిచ్చే బ్రిటన్ ప్రభుత్వ సంస్థ ఈపీఎస్ఆర్‌సీ ఇచ్చిన డబ్బుతో 2007లో మొదలైన డాక్టోరల్ ట్రైనింగ్ సెంటర్ మాది. డైరెక్టర్ రాబర్ట్ మెకై. ఫిజిక్స్, బయాలజీ, మ్యాథ్స్, ఇలా తలోచోట చదువుకుని వచ్చినవాళ్ళందర్నీ మొదటి ఏడాది ఒకే క్లాసులో కూర్చోబెట్టి పాఠాలు చెప్పి, రెండు చిన్న ప్రాజెక్టులు చేయించి, ఆ తర్వాతే మూడేళ్ళ థీసిస్‌లోకి దింపేవాళ్ళు. ఆ సీట్లు చాలావరకు బ్రిటన్ పిల్లలకే. నాలాంటివాళ్ళకి దారి యూరోపియన్ యూనియన్ స్కాలర్‌షిప్పులిచ్చే ఎరాస్మస్ ముండుస్ మాస్టర్స్. వార్విక్, పారిస్ దగ్గరి ఎకోల్ పాలిటెక్నిక్, స్వీడన్‌లో గోథెన్‌బర్గ్‌లోని రెండు యూనివర్సిటీలు కలిసి నడిపేవి. నేను అలా వెళ్ళి, పీహెచ్‌డీకి అక్కడే ఉండిపోయాను.

ఇంతకీ ఆ సబ్జెక్టేంటి అంటే, జపాన్‌లో చేసిన ఒక ప్రయోగం చెప్తే సరిపోతుంది. 230 మీటర్ల గుండ్రటి దారిలో 22 కార్లు పెట్టి, అందర్నీ ఒకే వేగంతో నడపమన్నారు. సిగ్నల్ లేదు, గుంత లేదు, యాక్సిడెంట్ లేదు. అయినా కాసేపటికి జామ్ పుట్టింది, పుట్టి వెనక్కి పాకడం మొదలుపెట్టింది. 2008లో అచ్చయిన పేపర్ అది. ఏ డ్రైవర్‌నీ తప్పుపట్టలేం, జామ్ మాత్రం నిజం. అలాంటివాటిని లెక్కగట్టడమే మా పని. (మా విజయవాడ బెంజ్ సర్కిల్‌కి ఈ లెక్క పనికిరాదని నేను వాదించాను. ముందు కారుకీ మన కారుకీ మధ్య సందు ఉంటుందని ఆ మోడల్, అంటే ఆ లెక్కల నమూనా, నమ్ముతుంది. మన దగ్గర ఆ సందులో అప్పటికే రెండు బైకులూ ఒక ఆటో ఉంటాయి.)

నన్ను నిజంగా పట్టుకున్నది మాత్రం అంటువ్యాధుల క్లాసు. ఫుట్ అండ్ మౌత్ అని బోర్డు మీద రాశారు. బొమ్మలు చూపించాక గానీ వెలగలేదు, అది మన పశువుల గాలికుంటు! నోట్లో పుండ్లు, చొంగ, గిట్టల మధ్య పుండ్లు. మా ప్రకాశం జిల్లా ఊళ్ళో ఎద్దుకి అది వస్తే గిట్టలు పర్మాంగనేట్ నీళ్ళతో కడిగి, జావ తాగించి, తగ్గేదాకా కాడికి కట్టేవాళ్ళు కాదు. పాడి పడిపోయేది, దూడలు కొన్ని పోయేవి, పెద్దవి చాలావరకు కోలుకునేవి. 2001లో బ్రిటన్‌లో అదే జబ్బుకి 60 లక్షలకు పైగా పశువుల్ని చంపేశారు. జబ్బు తగిలిన ఫారంలోవి 24 గంటల్లో, పక్క ఫారాల్లోవి 48 గంటల్లో చంపాలన్నది లక్ష్యం. ఆ పక్క ఫారాల నిర్ణయం వెనక, జబ్బు ఎలా పాకుతుందో లెక్కగట్టే మోడళ్ళున్నాయి. వాటి మీద పనిచేసినవాళ్ళలో మాట్ కీలింగ్ తర్వాత వార్విక్‌కే వచ్చారు. ఆరోగ్యంగా ఉన్న మందల్ని కూడా అనవసరంగా చంపించారని కొందరు వెటర్నరీ డాక్టర్లు అప్పుడే కాదు, తర్వాత కూడా గట్టిగానే వాదించారు.

క్లాసు అయ్యాక కామన్ రూమ్‌లో టీ కప్పులు పట్టుకుని పెద్ద గొడవే పడ్డాం. టీకా ఎందుకు వెయ్యలేదని నేను. వేస్తే టీకా లేకుండానే జబ్బు లేని దేశమన్న హోదా పోతుంది, ఎగుమతులు దెబ్బతింటాయని ఒక అమ్మాయి, బయాలజీ నుంచి వచ్చింది. "మరి మీ దగ్గర చంపరా?" అని ఇంకొకడు. చంపితే దుక్కి ఎవరు దున్నుతారు, మా దగ్గర ప్రభుత్వమే టీకాలు వేస్తుంది అన్నాను. అప్పుడు ఫిజిక్స్ వాడొకడు అసలు ప్రశ్న వేశాడు: గాలికి పక్క ఊరిదాకా పోతుందనుకుందాం, దేశమంతా ఎలా పాకింది? సంతల వల్ల. ఫిబ్రవరిలో జబ్బు బయటపడేలోపే గొర్రెలు ఒక మార్కెట్ నుంచి ఇంకో మార్కెట్‌కి చేతులు మారి వందల మైళ్ళు వెళ్ళిపోయాయి. దగ్గరి అంటింపులు ఎన్ని ఉన్నా, దూరం దూకే లంకెలు కొన్ని చాలు. నా థీసిస్ ఆ టీ దగ్గరే మొదలైంది.

నాకు ఆ సెంటర్ మీద గౌరవం ఉన్నది అందుకే, సూపర్‌కంప్యూటర్ల కోసం కాదు. మోడల్ వేసినవాడి ఎదురుగానే, "పశువులు అలా ఉండవు" అనేవాళ్ళు కూర్చుని ఉండేవాళ్ళు. ఆ బిల్డింగ్‌కి ఎవరి పేరు పెట్టారో ఆ మ్యాథ్స్ ప్రొఫెసర్ క్రిస్టఫర్ జీమన్ గారే కెటాస్ట్రఫీ థియరీతో (మెల్లగా మారేవాటిలో ఉన్నట్టుండి పెద్ద కుదుపు ఎలా వస్తుందో చెప్పే లెక్క అది) కుక్కల కోపం నుంచి జైలు గొడవల దాకా వివరించబోయి 1970ల చివర్లో బాగా తిట్లు తిన్నారు. ఆయన ధైర్యం నాకిష్టం. తిట్టినవాళ్ళ మాటల్లోనూ న్యాయం ఉంది.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. పీహెచ్‌డీ అయ్యాక ఇండియాలో ఒకచోట ఇంటర్వ్యూకి వెళ్తే, మ్యాథ్స్ వాళ్ళు నన్ను వెటర్నరీ అన్నారు, వెటర్నరీ వాళ్ళు మ్యాథ్స్ అన్నారు, ఎవరూ తీసుకోలేదు. అన్ని సబ్జెక్టులూ కలిపి చదవమనడం తేలిక, అలా చదివినవాడికి కుర్చీ ఏ డిపార్ట్‌మెంట్‌లో వెయ్యాలో ఎవరూ చెప్పరు. వార్విక్‌లో కూడా ఆ పేరు అలాగే ఉండలేదు, 2014 నుంచి మ్యాథ్‌సిస్ అనే కొత్త సెంటర్ దాన్ని అందుకుంది.

ఇప్పుడు నాకు కావలసింది మన సంతల లెక్కలు. బ్రిటన్‌లో ప్రతి ఆవుకీ పాస్‌పోర్టు ఉంటుంది కాబట్టి అది ఎక్కడెక్కడ తిరిగిందో తెలుస్తుంది. మన దగ్గర చెవికి పన్నెండంకెల ట్యాగు వేస్తున్నారు గానీ, సంతలో చేతులు మారిన సంగతి ఎక్కువగా రసీదు పుస్తకాల్లోనే ఉండిపోతోంది. మీలో ఎవరికైనా మార్కెట్ యార్డుల్లోనో పశుసంవర్ధక శాఖలోనో తెలిసినవాళ్ళుంటే, పాత రసీదు పుస్తకాలు అమ్మేయకముందే సంపాదకులకి ఒక మాట చెప్పండి, వచ్చి స్కాన్ చేసుకుంటాను.