పాత పైన్ పలకల నేల: మూడో కోటు దాకా వచ్చాను

మొదటి వారమంతా మేకులు పీకడానికే సరిపోయింది. పాత ఇల్లు విప్పినప్పుడు దొరికిన పైన్ పలకలివి. కనిపించే మేకులు పట్టకారుకే వచ్చేశాయి. తల విరిగి లోపల ఉండిపోయినవాటిని అయస్కాంతం తిప్పి పట్టుకున్నాను. అస్సలు కదలనివాటిని పంచ్ అనే చిన్న ఇనుప కడ్డీ పెట్టి కొట్టి ఇంకా లోపలికి దించేశాను. పాత రంగు పూసిన రెండు పలకల జోలికి మాత్రం పోలేదు. ఆ రంగులో సీసం ఉండొచ్చు, గీకితే ఆ దుమ్ము ఇంట్లోనే ఉంటుంది.

పలకలు పరిచాక శాండింగ్, అంటే మెషీన్‌కి గరుకు కాగితం పెట్టి రుద్దడం. 60, 80, 100 నంబరు కాగితాలు, అంతే. ఇంకా నున్నగా చేస్తే స్టెయిన్, అంటే చెక్కకి పూసే రంగు, సరిగ్గా ఇంకదు. పైన్‌లోని జిగురు కాగితానికి పట్టి మాటిమాటికీ మార్చాల్సి వచ్చింది. ఒకచోట మెషీన్‌ని క్షణం ఆపాను, గుంట పడింది. మెత్తటి చెక్క కదా, అసలు ఓర్చుకోదు.

అసలు తలనొప్పి స్టెయిన్‌తో. ముందు మిగిలిన ముక్క మీద మామూలు ఆయిల్ స్టెయిన్ పూస్తే మచ్చలు మచ్చలుగా తేలింది. చారల్లో లేతగా కనిపించే మెత్తటి భాగం రంగును గుటగుటా తాగేసింది, ముదురు గట్టి భాగానికి సరిగ్గా పట్టలేదు. దాంతో లేత చారలు నల్లబడి, ముదురు చారలు తెల్లగా మిగిలాయి. ఫొటో నెగెటివ్ చూసినట్టే ఉంది! రెండో ముక్కకి మైనం తీసిన లక్కను స్పిరిట్‌లో బాగా పలచన చేసి ఒక పూత వేసి, ఆరాక స్టెయిన్ పూశాను. మచ్చలు తగ్గాయి, రంగు కూడా తగ్గింది. మూడో ముక్కకి జెల్ స్టెయిన్. చిక్కగా ఉండి లోపలికి పెద్దగా ఇంకదు కాబట్టి సమంగా వచ్చింది. దానికే ఓటేశాను.

ఇక నేల మీద జెల్ స్టెయిన్ పూత: ఒకేసారి రెండు పలకలు, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, ఆరేలోపు ఎక్కువైనది తుడిచేయడం. మధ్యలో ఫోన్ ఎత్తిన చోట అడ్డంగా గీత పడింది. ఇప్పటికీ నా కళ్లు ముందు అక్కడికే పోతాయి. తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేయకండి. ఆయిల్ ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకోవచ్చు. నేను బయట ఒక్కొక్కటీ విడిగా పరిచి ఆరబెట్టాను.

మూడు రోజులు ఆగి నీళ్లతో కలిసే పాలీయురేథేన్ వార్నిష్ మొదలుపెట్టాను. మొదటి కోటు తర్వాత 220 కాగితంతో రుద్దుతూ ఒక అంచు దగ్గర స్టెయిన్ కూడా లేపేశాను. చిన్న బ్రష్‌తో అక్కడే రంగు అద్ది సరిచేశాను. రెండో కోటుకి చెయ్యి తేలిక చేశాను. మేకుల చుట్టూ తుప్పు నల్లగా చేసిన వలయాలు అలాగే ఉంచేశాను, అవి లేకపోతే కొత్త నేలకీ దీనికీ తేడా ఏముంది?

నిన్న మూడో కోటు అయింది. ఇవాళ సాక్సులతో నడిచాను. సామాను వారం తర్వాతే. తివాచీ ఇంకా ఆలస్యంగా. గుమ్మం దగ్గర పలకల మధ్య వేలెడు సందు ఒకటి మిగిలిపోయింది, దాని సంగతి ఇంకా తేల్చలేదు.