రొయ్య వాసన చూసే దారి

“మీసాలుంటే సరా, రొయ్యకు లేవా బారెడు మీసాలు” అనే సామెత విననివారు తెలుగునాట అరుదు. అయితే ఆ బారెడు మీసం ప్రధానంగా తాకిడిని, నీటి కదలికను పసిగట్టే అంగం. వాసన చూసే బాధ్యత ప్రధానంగా దాని పక్కనే, కళ్ల దగ్గర నుంచి ముందుకు వచ్చి చివర రెండు పాయలుగా చీలిన చిన్న మీసాల జతది. రొయ్యలు, పీతలు, లాబ్‌స్టర్ల విషయంలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఈ చిన్న మీసాల నుంచి మెదడు దాకా సాగే దారి.

దీన్ని చూడటానికి ప్రయోగశాల అక్కరలేదు. విశాఖ తీరంలో, ఆటుపోట్ల మధ్య రాళ్ల సందుల్లో నిలిచిపోయే నీటిగుంటల దగ్గర కదలకుండా కూర్చుంటే, ఖాళీ శంఖంలో కాపురముండే సన్యాసి పీత మెల్లగా తల బయట పెడుతుంది. దాని రెండు చిన్న మీసాలు ఉండుండి టక్కున కిందికి విదిలించుకుంటాయి, నెమ్మదిగా పైకి లేస్తాయి, క్షణం ఆగి మళ్లీ విదిలించుకుంటాయి. చిన్న చేపముక్కను కాస్త దూరంలో వేస్తే, పీత అటు కదలకముందే ఆ విదిలింపుల జోరు పెరుగుతుంది. కుక్క ముక్కు ఎగబీల్చినట్టే ఇదీ వాసనను ఎగబీల్చడమే.

ఈ పోలిక మాటవరసకు అన్నది కాదని 2001లో మిమీ కోల్, జెఫ్రీ కోసెఫ్ తదితరులు ‘సైన్స్’ పత్రికలో చూపించారు. కరీబియన్ ప్రాంతపు ముళ్ల లాబ్‌స్టర్ చిన్న మీసాన్ని ఒక యంత్రానికి అమర్చి, రంగు కలిపిన నీటి ప్రవాహంలో అచ్చంగా లాబ్‌స్టర్ విదిలించినట్టే కదిలిస్తూ, లేజర్ వెలుగులో రంగు ఎటు పోతున్నదో గమనించారు. మీసం వేగంగా కిందికి దిగేటప్పుడు దాని మీది వాసన పట్టే వెంట్రుకల మధ్యకు కొత్త నీరు చొచ్చుకుపోతుంది. నెమ్మదిగా తిరిగి లేచేటప్పుడు ఆ నీరు అక్కడే చిక్కుబడి ఉంటుంది. అంత చిన్న వెంట్రుకల దగ్గర నీరు జిగటగా ప్రవర్తిస్తుంది కనుక, వేగంలోని ఆ తేడాయే తలుపు తెరిచి మూసినట్టు పనిచేస్తుంది. సముద్రంలో వాసన ఒకే తెరలా పరుచుకుని ఉండదు, సన్నని పోగులుగా చీలి కొట్టుకొస్తుంది. ఒక్కో విదిలింపుతో లాబ్‌స్టర్ ఆ పోగుల అమరికలో ఒక్కో నమూనాను చెక్కుచెదరకుండా పట్టుకుంటుంది.

ముళ్ల లాబ్‌స్టర్ ఒక్కో చిన్న మీసం మీద వాసన వెంట్రుకలు వెయ్యికి పైగా ఉంటాయి, ఒక్కో వెంట్రుకలోకి దాదాపు 300 నాడీకణాల కొసలు వస్తాయి. ఆహారం నుంచి నీటిలోకి కరిగే అమైనో ఆమ్లాలు, టారిన్, బీటెయిన్, న్యూక్లియోటైడ్లు ఆ కణాలను కదిలిస్తాయి. క్షీరదాల ముక్కులో వాసన అణువులను పట్టుకునే గ్రాహకాల జన్యు కుటుంబాన్ని 1991లో లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ కనుగొన్నారు, అందుకు 2004లో నోబెల్ అందుకున్నారు. రొయ్యల జాతిలో ఉన్నవి ఆ కుటుంబానికి చెందినవి కావు. 2009లో పండ్ల ఈగలో బయటపడిన అయానోట్రాపిక్ గ్రాహకాలు అనే మరో కుటుంబమే వీటికి ఆధారం. ఇన్ని తేడాలున్నా మనిషిలోనూ, ఈగలోనూ, లాబ్‌స్టర్‌లోనూ వాసన నాడులు మెదడు చేరగానే గ్లోమెరులస్ అనే నాడీ గుచ్ఛాలలోనే ముడిపడతాయి. అయితే ఈగలో తరువాతి అంచె నాడీకణం సాధారణంగా ఒక్క గుచ్ఛం నుంచే కబురు అందుకుంటుంది, లాబ్‌స్టర్‌లో అది అనేక గుచ్ఛాలలోకి కొమ్మలు చాస్తుంది. ఒకే అవసరానికి ప్రకృతి వేరు వేరు పరికరాలతో ఇంత దగ్గరి ఏర్పాట్లకు రావడం నాకు ఎప్పటికీ పాతబడని విషయం.

ఈ ఏర్పాటు తిండి వెతకడానికి మాత్రమే కాదు. అమెరికన్ లాబ్‌స్టర్లు తల ముందుభాగంలోని రంధ్రాల గుండా మూత్రాన్ని ఎదుటి జంతువు వైపు చిమ్ముతాయి, తనను ఓడించిన లాబ్‌స్టర్‌ను మళ్లీ కలిసినప్పుడు ఆ వాసనతోనే గుర్తుపట్టి తప్పుకుంటాయి. గుంపుగా బతికే ముళ్ల లాబ్‌స్టర్లు వైరస్ సోకిన తోటి లాబ్‌స్టర్ ఉన్న గూటిలోకి వెళ్లవని 2006లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. సోకినది ఇంకా ఇతరులకు అంటించే దశకు చేరకముందే అవి దాన్ని దూరం పెడతాయి.

మన తీరానికి నేరుగా సంబంధించిన సంగతి ఇక్కడ మొదలవుతుంది. రొయ్య మెదడు మధ్యభాగంలోని వాసన కేంద్రం నుంచి పొడవాటి నాడుల కట్ట ఒకటి కంటి కాడలోకి వెళుతుంది. చూపుతో పాటు, వాసనను ఇతర ఇంద్రియాల కబుర్లతో జోడించే హెమీఎలిప్సాయిడ్ బాడీ, మెడుల్లా టెర్మినాలిస్ అనే మెదడు భాగాలు ఆ కాడలోనే ఉన్నాయి. హెమీఎలిప్సాయిడ్ బాడీని కీటకాలలో వాసన జ్ఞాపకాలు ఏర్పడే మష్రూమ్ బాడీలకు సాటిగా పలువురు నాడీశాస్త్రవేత్తలు పరిగణిస్తారు. అండాల ఎదుగుదలను ఆపి ఉంచే హార్మోన్‌ను తయారుచేసే ఎక్స్ ఆర్గాన్ అనే గ్రంథి కూడా అదే మెడుల్లా టెర్మినాలిస్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. రొయ్య పిల్లలను పుట్టించే హేచరీల్లో తల్లి రొయ్యకు ఒక కంటి కాడను నొక్కో, కోసో, కట్టో తొలగించేది ఆ హార్మోన్‌ను తగ్గించడానికే. ‘అబ్లేషన్’ అని పిలిచే ఈ పనితో తల్లి రొయ్య కొద్ది రోజుల్లోనే గుడ్లకు వస్తుంది, సీడ్ (చెరువుల్లో వదిలే రొయ్య పిల్లలు) ఉత్పత్తి లెక్క ప్రకారం సాగుతుంది. రెండో కాడ మిగులుతుంది కాబట్టి రొయ్యకు వాసన పూర్తిగా పోదు.

కానీ మనం తీసేది ఒక కన్ను, ఒక గ్రంథి మాత్రమే కాదు, వాసనను అర్థం చేసుకునే మెదడులో ఒక పక్క మొత్తం. హేచరీ నడిపేవారి ఖర్చులు, సీడ్ కోసం ఎదురుచూసే రైతుల తొందర నాకు తెలియనివి కావు. అయినా ఈ పద్ధతిని తప్పనిసరి అనుకోవడం మానాలని నా గట్టి అభిప్రాయం. స్టిర్లింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన సిమావో జకారియాస్ బృందం వనామీ రకం తల్లి రొయ్యలపై చేసిన పరిశోధనల్లో, కాడ తీయని తల్లుల పిల్లలు, రొయ్యలను చిన్న వయసులోనే చంపే ఈఎంఎస్ వ్యాధికి కారణమయ్యే బ్యాక్టీరియాను ఎక్కువగా తట్టుకున్నాయి. తల్లుల సంఖ్య, మగ ఆడ నిష్పత్తి, మేత నాణ్యత సరిచూసుకుంటే కాడ తీయకుండానే వాణిజ్య స్థాయిలో సీడ్ తీయవచ్చని కూడా ఆ బృందం చూపింది.