పండుగప్ప పిల్లలు గిర్రున తిరిగిన రోజు

మా బావకి భీమవరం దగ్గర చెరువులున్నాయి. రెండేళ్ల కిందట రొయ్య ఆపేసి ఒక చెరువులో పండుగప్ప వేద్దామని సీడు తెచ్చాడు, పిల్లలింకా అంగుళం కూడా లేవు. నర్సరీ తొట్టెల్లో వదిలిన నాలుగో రోజు పొద్దున్నే ఫోన్: "ఒరేయ్, పిల్లలు గిర్రున తిరుగుతున్నాయిరా, కొన్ని పొట్ట పైకి పెట్టి తేలుతున్నాయి, మేత ముట్టట్లేదు." నీళ్లు మార్చాడు, గాలి పెంచాడు, షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ కూడా కలిపాడు. వారం తిరిగేసరికి తొట్టెలు ఖాళీ. ఫ్రీజర్‌లో దాచిన కొన్ని పిల్లల్ని ల్యాబ్‌కి పంపిస్తే నోడావైరస్ అని రిపోర్టు వచ్చింది. వైరస్‌కి యాంటీబయాటిక్ పనిచేయదు, ఆ ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ మందు డబ్బులైనా మిగిలేవి.

ఆ కోపంతోనే దీని గురించి చదవడం మొదలుపెట్టాను. ఈ వైరస్ సైజు 25 నుంచి 30 నానోమీటర్లు, లోపల జన్యువుల్ని మోసే రెండే రెండు ఆర్‌ఎన్‌ఏ ముక్కలు, అంతే. అది చేప మెదడులోకి, కంటి రెటీనాలోకి చేరి కణాలను గుల్ల చేస్తుంది. పిల్లలు గింగిరాలు కొట్టేది అందుకే. 1990లోనే ఆస్ట్రేలియాలో బారాముండి పిల్లల్లో ఇలాంటి జబ్బు గురించి రాశారు (బారాముండి అంటే మన పండుగప్పే). 1992లో జపాన్ శాస్త్రవేత్తలు ఇది నోడావైరస్ కుటుంబానిదని తేల్చారు. కానీ దాన్ని ల్యాబ్‌లో పెంచడం మాత్రం ఎవరివల్లా కాలేదు. వైరస్ బతికున్న కణంలోనే పెరుగుతుంది కదా, అది పెరగడానికి ఒప్పుకునే చేప కణాలు దొరకలేదు. పెంచలేకపోతే ఏ మందుతో తొట్టె కడిగితే చస్తుందో చూడలేం, టీకా పనిచేస్తుందో లేదో చెప్పలేం.

ఇక్కడే నాకు బాగా నచ్చిన మనిషి వస్తాడు. స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయంలో ఫ్రెరిక్స్ అనే శాస్త్రవేత్త. 1980ల్లో ఆగ్నేయాసియా చేపలకి ఒంటినిండా పుండ్లు పడే జబ్బు వచ్చింది, 1988లో మన దేశానికీ వచ్చింది, కొర్రమీనుని బాగా దెబ్బతీసింది. ఆ చేపల్లో వైరస్ కోసం వెతికినవాళ్లలో ఈయన ఒకరు. 1986లో రాబ్డోవైరస్ అనే వేరే రకం వైరస్‌ని పట్టుకున్నారు కూడా. చివరికి ఆ పుండ్లకి అసలు కారణం బూజులాంటి ఒక జీవి అని తేలింది. అయితే ఆయన బృందం దగ్గర కొర్రమీను పిల్లల నుంచి తీసి పెంచిన కణాలున్నాయి, పేరు ఎస్‌ఎస్‌ఎన్-1. 1996లో యూరప్ సీబాస్ అనే చేప పిల్లల్లోని నోడావైరస్‌ని ఆ కణాల మీద వేశారు, పెరిగింది! అప్పటిదాకా మరే కణాల్లోనూ పెరగనిది కొర్రమీను కణాల్లో పెరిగింది. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనే, అందుకేనేమో ఇది చదివినప్పుడు నాకు చెప్పలేనంత సంతోషమేసింది. ఆ కణాల్లోంచే జపాన్ వాళ్లు 2000లో ఇ-11 అనే ఇంకా నిలకడైన రకాన్ని వేరుచేశారు, ఈ వైరస్ మీద పనిచేసే ల్యాబుల్లో ఇప్పటికీ అవే వాడుతున్నారు.

మన దగ్గరా ఈ పని జరిగింది. తమిళనాడు మేల్విషారంలో సి. అబ్దుల్ హకీం కాలేజీలో సాహుల్ హమీద్ గారి బృందం పండుగప్ప కిడ్నీ నుంచి కణాలు పెంచి 2006లో ప్రకటించింది, సముద్రపు చేప నుంచి మన దేశంలో తయారైన మొదటి కణాల వరస (ల్యాబ్‌లో మళ్లీ మళ్లీ పెంచుకోగలిగే కణాలు) అదే. పెద్ద పరిశోధన సంస్థ కాదు, ఊళ్లో కాలేజీ. నెలల తరబడి కణాలకి ఆహారం మారుస్తూ, బాక్టీరియా చేరకుండా కాపాడుతూ కూర్చునే పని అది, నాకైతే ఆ ఓపిక ఊహకి కూడా అందదు.

చెన్నైలోని సీబా (ఉప్పునీటి చేపలు, రొయ్యల పెంపకం మీద పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ) ఈ వైరస్‌కి టీకా కూడా తయారుచేసింది. కాకపోతే అంగుళం లేని పిల్లకి టీకా వేసినా ఉపయోగం ఉండదు, దాని ఒంట్లో రోగనిరోధక శక్తి అప్పటికి తయారే కాదు. వైరస్ తల్లి చేప నుంచి గుడ్డు ద్వారా కూడా వస్తుంది, కాబట్టి ముందు పిల్లల్ని పుట్టించే హాచరీలో తల్లి చేపలకి పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థం ఉందో లేదో పట్టే పరీక్ష) చేసి, వైరస్ ఉన్నవాటిని పక్కన పెట్టాలి.

ఈ ఏడు బావ మళ్లీ పండుగప్ప వేశాడు. సీడు బేరానికి వెళ్లినప్పుడు పీసీఆర్ కాగితం అడిగితే మొదటి హాచరీవాళ్లు విసుక్కున్నారట, లేచి వచ్చేశాడు. రెండోచోట చూపించారు, అక్కడే తీసుకున్నాడు. నిన్న సైజులవారీగా వేరుచేస్తూ వీడియో పంపాడు, పిల్లలన్నీ తిన్నగా ఈదుతున్నాయి.