నీలం మనుషులూ, మా పర్లాకిమిడి పిల్లలూ

‘అవతార్: ది వే ఆఫ్ వాటర్’ మన దేశంలో ఇంగ్లీషు, హిందీ, తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం భాషల్లో విడుదలైంది. మేముండేది ఒడిశాలోని పర్లాకిమిడిలో, ఒడియాలో మాత్రం రాలేదు. దాంతో ఏ భాషలో చూడాలన్న తగువు మా ఇంట్లో టికెట్లు బుక్ చెయ్యకముందే మొదలైంది. అప్పటికి అమ్మాయి ఎనిమిదో క్లాసు, దానికి ఇంగ్లీషు కావాలి. చిన్నవాడికి హిందీ, ఎందుకంటే బళ్లో ఫ్రెండ్స్‌కి డైలాగులు చెప్పాలి. క్రిస్మస్ సెలవులకి విశాఖలో మా చిన్నాన్న ఇంటికి వెళ్తున్నాం కదా అని నేను తెలుగుకే పట్టుబట్టాను. మావాడు ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ చదవమంటే ఒడియా అక్షరాలే వెతుక్కుంటాడు. మూడు గంటల పన్నెండు నిమిషాలు చెవిన తెలుగు పడితే నష్టమేముంది? పైగా ఆ ఇంగ్లీషు నాకు సగం అర్థం కాదు.

2009లో మొదటి భాగం వచ్చింది, మళ్లీ 2022లో ఇది. ఈసారి నీలం మనుషుల జంట జేక్, నేతిరి తమ పిల్లల్ని వెంటేసుకుని అడవి వదిలేసి సముద్రం ఒడ్డున ఉండే జనం దగ్గర తలదాచుకుంటారు. అక్కడి కుర్రాళ్లు వీళ్లని బాగా ఏడిపిస్తారు. తోకలు సన్నగా ఉన్నాయి, ఈతకి పనికిరావంటారు. తమకి నాలుగు వేళ్లుంటే వీళ్లలో కొందరికి అయిదున్నాయని చేతులు పట్టుకుని మరీ చూస్తారు. అక్కడి నాయకుడి కూతురు సిరేయా మాత్రం ఊపిరి బిగబట్టడం, నీళ్లలో సైగలతో మాట్లాడ్డం ఓపిగ్గా నేర్పిస్తుంది.

ఇంటర్వెల్‌లో సమోసాలు పంచుతూ చిన్నాన్న అన్నాడు: “ఏమ్మా, ఇది అచ్చం మీ పిల్లల కథే. పాపం, అక్కడేమో తెలుగోళ్లని తెలెంగా అంటారు, ఇక్కడికొస్తే మనవాళ్లే ఒడియావాళ్లొచ్చారంటారు.” ఆ మాటకి నాకూ గొంతు పట్టేసింది.

అమ్మాయికేం పట్టలేదు. “మేమెక్కడికీ వెళ్లలేదు తాతయ్యా. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. మా క్లాసులోకి తెలుగు అమ్మాయెవరైనా కొత్తగా వస్తే ఒడియా నేర్పేది నేనే. నేను సిరేయాని. వలసొచ్చింది అమ్మ, బొబ్బిలి నుంచి” అంది. మా ఆయన నవ్వలేక సమోసా నోట్లో కుక్కుకున్నారు.

దాని లెక్క తప్పేం కాదు. మా అత్తవారు తరాలుగా పర్లాకిమిడిలోనే ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. ఇంట్లోవాళ్లు వీధి గుమ్మం కూడా దాటలేదు, రాష్ట్రం మారిపోయింది. పెట్టె సర్దుకుని వచ్చింది ఆ ఇంట్లో నేనొక్కదాన్నే.

నా ఒడియా సంగతి బళ్లో పేరెంట్స్ మీటింగ్‌లో చూడాలి. ‘పుఓ భల పఢుచి కి?’ అని దారంతా వల్లించుకుని వెళ్లి, టీచరు ముందు కూర్చుని అడుగుతాను. ఆవిడ నా మొహం ఒక్కసారి చూసి, “బాగానే చదువుతున్నాడండీ, లెక్కల్లోనే కొంచెం వీక్” అని తెలుగులో చెప్పేస్తారు. పక్కనున్న నా కొడుకు బల్ల కిందకి దూరిపోతాడు.

రెండో సగంలో నా కళ్లు స్పైడర్ మీదే ఉన్నాయి. వాడు మనిషి బిడ్డ, పెరిగింది నీలం మనుషుల మధ్య. ఒంటికి నీలం చారలు పూసుకుంటాడు, వాళ్ల భాషే మాట్లాడతాడు, మాస్కు తీస్తే మాత్రం ఊపిరాడదు. పిల్లల కోసం జాలిపడదామని కూర్చున్నదాన్ని, కాస్త నా కోసం పడ్డాను.

జేక్ కొడుకులు తండ్రిని ‘సార్’ అంటుంటే మా ఆయన ముచ్చటపడి పిల్లల వైపు చూశారు. ఎవరూ పట్టించుకోలేదు. ఇక చివర్లో ఓడ మునగడం ఎంతకీ తెమలదు. ‘టైటానిక్’ తీసి అన్నేళ్లయినా కామెరూన్ గారికి ఓడల్ని ముంచాలన్న సరదా తీరలేదు. పెద్దకొడుకు పోయినప్పుడు తల్లి పెట్టిన కేక మాత్రం ఆ గ్రాఫిక్స్ అన్నిటినీ మరిపించింది. కేట్ విన్స్‌లెట్ ఈ సినిమా కోసం నీళ్లలో ఏడు నిమిషాలకి పైగా ఊపిరి బిగబట్టిందని అక్క చెప్పగానే మావాడు బాత్రూంలో బకెట్టు ముందు సాధన మొదలెట్టాడు. ముక్కులోకి నీళ్లు పోవడంతో సరి.

ఊరికొచ్చాక కూడా ఆదివారాలు తెలుగు రాయించడం మానలేదు. ఈ పిల్లలు ఒడియాలో బతుకుతారు, మంచిదే. వాళ్ల నాయనమ్మ రాసుకున్న పాటల పుస్తకం చదవడానికి ఇంకొకర్ని పిలవాల్సి రావడమే నాకు నచ్చదు. వాడు మాత్రం ‘నువ్వు ఒడియా రాయవుగా’ అని ఎదురు తిరిగాడు. చివరికి బేరం కుదిరింది: వాడు ఒక పేజీ తెలుగు, నేను ఒక పేజీ ఒడియా. గొడుగులు పట్టుకున్నట్టుండే ఆ అక్షరాల్లో ఏ గొడుగు కింద ఎవరున్నారో నాకిప్పటికీ తికమకే. దిద్దేది అమ్మాయి, ఎర్ర పెన్నుతో. నా పేజీలోనే ఎరుపు ఎక్కువ. అది చూడ్డానికే మావాడు తెలుగు పేజీ ఎగ్గొట్టకుండా రాస్తున్నాడు.