వరద మోడల్ కట్టడం: నా అనుభవం

నది పక్కనే ఉన్న ఒక పట్టణానికి వరద మోడల్ (నీరు ఎక్కడికి, ఎంత లోతున వస్తుందో కంప్యూటర్లో లెక్కగట్టేది) తయారుచేసి, దాని ఆధారంగా ముందస్తు హెచ్చరికలు నడిపే పని మా చిన్న బృందానికి వచ్చింది. సాఫ్ట్‌వేర్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. అమెరికా ఆర్మీ ఇంజనీర్ల విభాగం తయారుచేసిన హెక్-రాస్ ఉచితంగా దొరుకుతుంది, ఓపికుంటే నేర్చుకోవచ్చు. మా సమయంలో ఎక్కువ భాగం తినేసింది నేల ఎత్తు.

అందరికీ ఉచితంగా అందే, నేల ఎత్తులు చెప్పే ఎస్‌ఆర్‌టీఎం డేటాను 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీశారు. ఆ రాడార్ చెట్ల తలలనూ ఇళ్ల కప్పులనూ కూడా నేలగానే లెక్కవేస్తుంది. తోట ఉన్నచోట గుట్ట ఉన్నట్టు వస్తుంది. మోడల్లో నీళ్లు ఆ లేని గుట్టను చుట్టుకుని వెళ్తాయి. ముంపు మోకాలి లోతా, నడుము లోతా అని తేల్చాల్సిన చోట కొన్ని మీటర్ల తేడా ఉన్న డేటాతో ఏం చేయగలం? చెట్లు, భవనాల ఎత్తు తీసేసి సవరించిన ఎత్తుల డేటా ఫ్యాబ్‌డెమ్ కొంత మేలు. అయినా నాలుగైదు మీటర్ల వెడల్పున్న కరకట్ట ఆ డేటా నేలను విడగొట్టే 30 మీటర్ల గడిలో కలిసిపోతుంది. లైడార్ సర్వే (లేజర్‌తో నేల ఎత్తు కొలవడం) పట్టణం మధ్య భాగానికే ఉంది. మిగతా చోట గట్టు పైమట్టం, రోడ్డు ఎత్తు, కల్వర్టుల అడుగుమట్టం నడిచి వెళ్లి కొలిచాం.

కల్వర్టులతోనే ఎక్కువ టెన్షన్. డ్రాయింగులో ఉన్న సైజు ఒకటి, పూడిక పోగా మిగిలిన దారి ఇంకొకటి. పైనుంచి తీసిన డేటాలో రోడ్డు కింద నీటిదారి కనిపించదు. దాన్ని చేత్తో మోడల్లో పెట్టకపోతే రోడ్డు ఆనకట్టయి, నిజానికి ఎన్నడూ మునగని వీధి మునిగినట్టు చూపిస్తుంది.

మోడల్ లెక్కవేసే గడి చిన్నది చేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అడిగారు. గడి పొడవు సగం చేస్తే గడులు నాలుగింతలవుతాయి, టైమ్ స్టెప్ (లెక్క ఒక్కో అడుగులో ముందుకు జరిగే కాలం) కూడా సగం చేయాలి, అంటే లెక్క దాదాపు ఎనిమిదింతలు. వరద మనల్ని చేరాక ముగిసే లెక్క ఎవరికీ పనికిరాదు. అందుకే రకరకాల ప్రవాహాలకు ముందే మోడల్ నడిపి మ్యాపులు సిద్ధంగా పెట్టుకున్నాం. అంచనా రాగానే దానికి దగ్గరగా ఉన్న మ్యాపు తీస్తాం.

తర్వాత గేజ్ (నదిలో నీటిని కొలిచే సాధనం) రికార్డు. చాలాచోట్ల గేజ్ కొలిచేది నీటిమట్టాన్నే. దాన్ని ప్రవాహంగా మార్చేది, ఏ మట్టానికి ఎంత నీరు పారుతుందో చూపే రేటింగ్ కర్వ్. ఉధృతంగా పారే వరదలో దిగి కొలిచేవాళ్లు అరుదు కాబట్టి, ఆ కర్వ్ పైభాగం చాలావరకు పొడిగించి గీసిన గీతే. పెద్ద వరదకు మనకు కావలసింది సరిగ్గా ఆ భాగమే! ఈ అనుమానాలన్నిటినీ మానింగ్ గరుకుదనం విలువను (నేల నీటిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే సంఖ్యను) జరిపి కప్పేయొచ్చు. దానికి నేను ఒప్పుకోలేదు. నున్నటి కాంక్రీటుకు 0.013, దట్టమైన పొదలకు 0.1 చుట్టుపక్కల ఉండాల్సిన విలువను హద్దు దాటిస్తే తప్ప మోడల్ కుదరడం లేదంటే, లోపం ఇంకెక్కడో ఉంది. దాన్ని వెతకాలి.

రికార్డు ఎంత పాతదన్నది కూడా చూడాలి. జర్మనీలోని ఆర్ లోయలో 2021 జులై వరదకు 130 మందికి పైగా చనిపోయారు. ఆల్టెనార్ దగ్గర అంతకుముందు గేజ్ చూసిన గరిష్ఠ మట్టం 2016 నాటి 3.71 మీటర్లు. 2021లో నీరు దాన్ని ఎంతో దాటిపోయి గేజ్‌నే కొట్టుకుపోయింది. అదే లోయలో 1804లో, 1910లో ఘోరమైన వరదలు వచ్చాయి, కానీ ప్రమాద మ్యాపుల గణాంకాల్లో అవి లేవు. ఇది చదివాక మేం గేజ్ పెట్టక ముందటి వరదల కోసం పాత కాగితాలు, వంతెనల మీద గుర్తులు, పెద్దవాళ్ల జ్ఞాపకాలు అన్నీ వెతికాం. ఆ శ్రమ పూర్తిగా ఫలించింది. మ్యాపుల్లో ముంపు అంచు కొన్నిచోట్ల నది నుంచి చాలా దూరం జరిగింది.

సరిచూసుకోవడానికి సెంటినెల్-1 ఉపగ్రహ చిత్రాలు వాడాం. దాని రాడార్ మబ్బుల్లోంచి కూడా చూడగలదు. పొలాల్లో ముంపు బాగా తెలిసింది. ఇళ్ల మధ్య మాత్రం గోడల నుంచి వచ్చే ప్రతిఫలనం వల్ల నీరు దాదాపు గుర్తుపట్టలేం. మనుషులు ఉండేది అక్కడే మరి.

ఇక హెచ్చరిక. యూరప్ వాతావరణ కేంద్రం ఈసీఎండబ్ల్యూఎఫ్ ఒకే అంచనా ఇవ్వదు, ఎన్‌సెంబుల్‌గా (కొద్దికొద్ది తేడాలతో నడిపిన అంచనాల గుంపుగా) 51 ఇస్తుంది. వాటిలో 15 అంచనాల ప్రకారం నది గట్టు దాటుతుందంటే జనాన్ని కదిలించాలా? అధికారులు మమ్మల్ని అవును, కాదు అని చెప్పమన్నారు. అది మేం చెప్పగలిగేది కాదు. ఖాళీ చేయించడానికి ఎంత ఖర్చు, చేయించకపోతే ఎంత నష్టం అన్నది వాళ్లు తూచుకోవాలి. చాలా వాదనల తర్వాత పొడి రోజుల్లోనే కూర్చుని హద్దులు రాసుకున్నాం: ఇంత అవకాశం దాటితే పంపులు, ఇసుక బస్తాలు, ఇంత దాటితే ఆసుపత్రి, మంచం దిగలేనివాళ్లు, ఆపైన వీధులు. ఫోన్ సందేశం ఎవరు పంపాలో, ఆయన లేకపోతే ఎవరో పేర్లతో రాశాం. స్పెయిన్‌లోని వాలెన్సియాలో 2024 అక్టోబర్ 29న వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఉదయమే వచ్చింది. ఫోన్లకు హెచ్చరిక రాత్రి 8 దాటాక చేరింది. అప్పటికే చాలాచోట్ల నీరు వచ్చేసింది. అంచనా బాగున్నంత మాత్రాన ప్రాణం దక్కదని ఆ సమావేశంలో అందరికీ అర్థమైంది దానివల్లే.

‘వందేళ్ల వరద’ అనే మాట మా మ్యాపుల్లోంచి తీసేయించాను. అది విని జనం ఇక వందేళ్లు భయం లేదనుకుంటున్నారు. ఏటా 1 శాతం అవకాశం అంటే, 30 ఏళ్లు ఒకే ఇంట్లో ఉండేవారికి అది ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు 26 శాతం. ఇప్పుడు మ్యాపు మీద ఆ రెండో సంఖ్యే రాస్తున్నాం. ఇల్లు కట్టాలనుకునేవాళ్లు మొదట అడుగుతున్నదీ దాని గురించే, తర్వాత పునాది ఎంత ఎత్తు లేపాలని.