ఎట్టకేలకు 8 నిమిషాల లోపు!

ఈరోజు రోయింగ్ మెషీన్ (తెడ్డు వేసినట్టు లాగే కసరత్తు యంత్రం) మీద 2000 మీటర్లు 7:56.4లో పూర్తి చేశాను. 8 నిమిషాల లోపు రావడం ఇదే మొదటిసారి. ఆనందం పట్టలేక రాస్తున్నాను.

ఈ దూరంలో అసలు పరీక్ష మూడో 500 మీటర్లు. మొదటి 500 ఉత్సాహంలో గడిచిపోతుంది. చివరిది ఎలాగూ అయిపోతోందన్న ధైర్యంతో లాగేస్తాం. మూడోదానిలోనే తొడలు మండిపోతాయి, ఊపిరి అందదు, స్క్రీన్ మీద 500 మీటర్లకు పట్టే సమయం 1:59 కాస్తా 2:01 అవుతుంది. ఇవాళ అక్కడ చేతులతో గుంజకుండా కాళ్లతో గట్టిగా తన్నాను. సీటు ముందుకు జరిగేటప్పుడు మాత్రం తొందరపడలేదు. నిమిషానికి 28 స్ట్రోకులు (లాగడాలు) దాటనివ్వలేదు. అంకె మళ్లీ 1:59కి దిగింది!

మూడు నాలుగు సెకన్లేగా అనిపించవచ్చు. కానీ ఈ మెషీన్‌లో వేగం కాస్త పెరగాలన్నా, కావాల్సిన శక్తి ఆ వేగం ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. 500 మీటర్లకు 2:00 అంటే దాదాపు 203 వాట్లు, 1:55 అంటే 230. ఐదు సెకన్ల కోసం 27 వాట్లు! అందుకే ఒక్కో సెకనూ నాకు అపురూపం.

అన్నట్టు, డాంపర్ (మెషీన్ ఫ్యాన్‌లోకి ఎంత గాలి వెళ్లాలో 1 నుంచి 10 వరకు మార్చే మీట) 10లో పెడితేనే టైమ్ తగ్గుతుందనుకునేవాళ్లకు ఒక మాట: నాది 4లోనే ఉంది. ఇక తర్వాతి గురి 5000 మీటర్లు.